ఎఫ్‌డీ, బంగారం, ప్రోనోటు, చీటీ, సిప్: ఇంటి పెట్టుబడులన్నిటికీ ఒకే పైథాన్ లెక్క

కడప జిల్లాలో కాస్త నిలదొక్కుకున్న ఇల్లు ఏదైనా తీసుకోండి. బ్యాంకులో ఒక ఎఫ్‌డీ, పోస్టాఫీసులో ఎన్‌ఎస్‌సీ (జాతీయ పొదుపు పత్రం), ప్రొద్దుటూరు అంగట్లో కొన్న గొలుసు, తెలిసినవాళ్లకు నోటు మీద ఇచ్చిన రెండు లక్షలు, నెలనెలా కట్టే చీటీ, పిల్లలు ఫోన్లో మొదలుపెట్టిన సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే సొమ్ము). ఇవన్నీ కలిపి ఈ రోజుకు ఎంత, వీటిలో నిజంగా పెరుగుతున్నది ఏది అని అడిగితే జవాబు సగం డైరీలో, సగం బీరువాలో ఉంటుంది. ఎక్సెల్‌లో వేసుకున్నవాళ్లకూ ఒక చిక్కు ఉంది. వరుసకో ఫార్ములా కావాలి. ఎఫ్‌డీకి మూడు నెలలకోసారి చక్రవడ్డీ, నోటుకు నెలకింతని బారువడ్డీ, బంగారానికి గ్రాము రేటు. ఒకదాని ఫార్ములా పొరపాటున పక్క గడిలోకి లాగితే తప్పు కంటికి కనపడదు, మొత్తం మాత్రం మారిపోతుంది.

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతి సరిగ్గా ఇక్కడే అక్కరకొస్తుంది. "ఫలానా తేదీకి నీ విలువ ఎంత?" అన్న ప్రశ్న అన్ని పెట్టుబడులకూ ఒకటే. లెక్కగట్టే తీరు మాత్రం దేనిది దానిదే. ప్రశ్నను ఒక పేరెంట్ క్లాస్‌లో (అన్నిటికీ ఉమ్మడి అచ్చులో) పెట్టి, జవాబులను చైల్డ్ క్లాసులకు (దానినుంచి పుట్టే విడి అచ్చులకు) వదిలేయడమే ఈ ప్రోగ్రామ్ మొత్తం.

కావలసినవి

పైథాన్ 3.8 లేదా ఆపై వెర్షన్ ఉన్న కంప్యూటర్ చాలు. పాత ల్యాప్‌టాప్ అయినా నడుస్తుంది. బయటి లైబ్రరీ ఒక్కటీ అక్కర్లేదు. పైథాన్‌తో పాటే వచ్చే డెసిమల్, డేట్‌టైమ్, డేటాక్లాసెస్, ఏబీసీ, ఈనమ్, క్యాలెండర్, సీఎస్‌వీ, యూనిట్‌టెస్ట్ అనే మాడ్యూళ్లు సరిపోతాయి.

కింద క్లాసుల పేర్లు, మెథడ్ల (క్లాస్ చేసే పనుల) పేర్లు తెలుగులో ఇచ్చాం. పైథాన్ 3 తెలుగు పేర్లను నిజంగానే ఒప్పుకుంటుంది, కీవర్డులు మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉండాలి. అయితే ఒక గొయ్యి ఉంది. తెలుగు కీబోర్డులు కొన్ని మాటల మధ్య కంటికి కనపడని ఒక అక్షరాన్ని చొప్పిస్తాయి. "ఎఫ్‌డీ" అని రాస్తే పొల్లుకూ "డీ"కీ మధ్య అది ఉంటుంది. వేరియబుల్ పేరులో అది దొర్లితే పైథాన్ సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది, స్క్రీన్ మీద చూస్తే ఏ తప్పూ ఉండదు. కాబట్టి కోడ్‌లో పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకుని, స్క్రీన్ మీద చూపించే మాటలను తెలుగులో ఉంచుకోవడం మేలు. కీవర్డు కీవర్డుకూ కీబోర్డు మార్చే బాధా తప్పుతుంది.

మొదటి అడుగు: లావాదేవీ

చాలామంది ముందుగా "పెట్టుబడి" క్లాస్ రాసి, అందులో "పెట్టిన సొమ్ము", "ప్రస్తుత విలువ" అని రెండు అంకెలు దాచుకుంటారు. నెల తిరిగేసరికి రెండూ పాతబడతాయి. అవి ఎక్కడినుంచి వచ్చాయో కూడా గుర్తుండదు. దాచాల్సింది జరిగిన సంగతిని మాత్రమే: ఏ తేదీన, ఏం జరిగింది, ఎంత సొమ్ము, ఎన్ని యూనిట్లు. విలువను అడిగినప్పుడల్లా వీటినుంచి కొత్తగా లెక్కగట్టాలి.

లావాదేవీ అనే డేటాక్లాస్ (వివరాలు దాచడానికే ఉన్న క్లాస్) రాయండి. అందులో ఐదు ఫీల్డులు చాలు: తేదీ, రకం, సొమ్ము, యూనిట్లు, గమనిక. రకం అన్నచోట చేతికొచ్చినట్టు మాటలు రాయనివ్వకుండా ఈనమ్ (ముందే ఖాయం చేసిన విలువల జాబితా) వాడండి. కొనుగోలు, అమ్మకం, వడ్డీ రాక, డివిడెండ్, బోనస్, కంతు, చెల్లు, పన్ను కోత అనే ఎనిమిది విలువలుంటే ఇంటి లెక్కకు సరిపోతుంది. ఈనమ్ లేకపోతే ఒకచోట "అమ్మకం", ఇంకోచోట "అమ్మకము" అని పడుతుంది. రెండోదాన్ని ప్రోగ్రామ్ చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. ఎర్రర్ ఇచ్చే తప్పు కన్నా ఇలా నోరు మెదపని తప్పే ప్రమాదం.

డేటాక్లాస్‌ను ఫ్రోజెన్‌గా పెట్టండి. అంటే ఒకసారి తయారైన లావాదేవీని ప్రోగ్రామ్ మధ్యలో ఏ మెథడూ మార్చలేదు. తప్పు పడితే ఫైల్‌లో దిద్దుకోండి, కోడ్‌లో కాదు.

సొమ్ముకు ఫ్లోట్ (పైథాన్‌లో మామూలు దశాంశ సంఖ్య) వాడొద్దు. పైథాన్‌లో 0.1 కు 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. రెండేళ్ల సిప్ కంతులు కలిపేసరికి పైసలు తేలవు. డెసిమల్ వాడండి, దానికి అంకెను కొటేషన్లలో పెట్టి ఇవ్వండి. కొటేషన్లు లేకుండా 0.1 ఇస్తే ఫ్లోట్‌లో ఉన్న చెత్తంతా డెసిమల్‌లోకి యథాతథంగా దిగుతుంది. ఒకసారి డెసిమల్ మొదలుపెట్టాక దాన్ని ఫ్లోట్‌తో గుణిస్తే పైథాన్ టైప్ ఎర్రర్ ఇస్తుంది. అది మన మంచికే.

పైసల రౌండింగ్ సంగతీ ఇక్కడే తేల్చుకోండి. పైథాన్‌లో 2.5 ను రౌండ్ చేస్తే 3 రాదు, 2 వస్తుంది. సరిగ్గా సగం దగ్గర అది సరిసంఖ్య వైపు మొగ్గుతుంది. మనకు అలవాటైన రౌండింగ్ కావాలంటే డెసిమల్‌లోని క్వాంటైజ్‌కు రౌండ్ హాఫ్ అప్ అని విడిగా చెప్పాలి. రౌండింగ్ చివర చూపించేటప్పుడే చేయాలి, మధ్యలో కాదు.

రెండో అడుగు: పేరెంట్ క్లాస్

పెట్టుబడి అనే క్లాస్‌ను ఏబీసీ మాడ్యూల్‌తో అబ్‌స్ట్రాక్ట్‌గా రాయండి. అందులో మూడు ఆట్రిబ్యూట్లు: పేరు, యజమాని, లావాదేవీల లిస్టు. యజమాని ఎందుకంటే ఇంట్లో సొమ్ము ఒకటే అయినా బాండ్లు నలుగురి పేర్ల మీద ఉంటాయి. పన్ను లెక్క, నామినీ లెక్క పేరును బట్టే నడుస్తాయి.

మెథడ్లు నాలుగు:

చేర్చు(లావాదేవీ) – లిస్టులో వేసి తేదీ వరుసలో సర్దుతుంది.
నగదు_ప్రవాహం() – చేతినుంచి పోయింది మైనస్‌గా, చేతికొచ్చింది ప్లస్‌గా, తేదీలతో సహా ఇస్తుంది.
పెట్టిన_సొమ్ము(తేదీ) – ఆ తేదీ వరకు మనం వేసిన మొత్తం.
విలువ(తేదీ) – ఇది అబ్‌స్ట్రాక్ట్. పేరెంట్‌లో ఖాళీ. ప్రతి చైల్డ్ క్లాస్ తనది తాను రాసుకోవాల్సిందే.

అబ్‌స్ట్రాక్ట్‌గా పెట్టడం వల్ల లాభం ఏమిటంటే, రేపు "భూమి" అని కొత్త క్లాస్ రాసి విలువ మెథడ్ మరిచిపోతే ఆబ్జెక్ట్ తయారయ్యే దగ్గరే టైప్ ఎర్రర్ వస్తుంది. లేకపోతే ఆరు నెలల తర్వాత మొత్తం కూడేటప్పుడు బయటపడేది.

కొత్తవాళ్లు దాదాపు అందరూ పడే గుంట లావాదేవీల లిస్టు దగ్గరుంది. ఇనిట్ (ఆబ్జెక్ట్ పుట్టగానే నడిచే) మెథడ్‌లో "లావాదేవీలు ఇవ్వకపోతే ఖాళీ లిస్టు" అని డిఫాల్ట్ విలువగా రాస్తారు. పైథాన్ ఆ లిస్టును ఒక్కసారే తయారుచేసి అన్ని ఆబ్జెక్టులకూ అదే ఇస్తుంది. గొలుసు కొన్న లావాదేవీ ఎఫ్‌డీలోనూ కనిపిస్తుంది. లిస్టును ఇనిట్ బయట, క్లాస్ కింద నేరుగా రాసినా అంతే. డిఫాల్ట్‌గా నన్ (None) ఇచ్చి, కొత్త లిస్టును ఇనిట్ లోపల తయారుచేయండి. ఇంకొకటి: చైల్డ్ క్లాస్‌లో సొంత ఇనిట్ రాస్తే మొదటి లైన్‌లో సూపర్ ద్వారా పేరెంట్ ఇనిట్‌ను పిలవాలి. పిలవకపోతే లావాదేవీల లిస్టే పుట్టదు, చేర్చు మెథడ్ దగ్గర ఆట్రిబ్యూట్ ఎర్రర్ వస్తుంది.

మూడో అడుగు: ఎఫ్‌డీ, ఎన్‌ఎస్‌సీ

ఇది తేలిక. స్థిర_డిపాజిట్ అనే చైల్డ్ క్లాస్‌కు వార్షిక రేటు, మొదలు తేదీ, గడువు తేదీ, ఏడాదికి ఎన్నిసార్లు వడ్డీ అసలులో కలుస్తుంది అన్న అంకె ఇవ్వండి. వడ్డీ తీసుకోకుండా వదిలేసే ఎఫ్‌డీలకు మన బ్యాంకులు సాధారణంగా మూడు నెలలకోసారి కలుపుతాయి, అంటే 4. ఎన్‌ఎస్‌సీకి ఏడాదికోసారి, అంటే 1.

విలువ = అసలు × (1 + రేటు ÷ (100 × సార్లు)) ఘాతం (సార్లు × సంవత్సరాలు)

కోడ్ రాయగానే రెండు అంకెలతో పరీక్షించండి. లక్ష రూపాయలు 7 శాతానికి ఒక ఏడాది, మూడు నెలలకోసారి కలిస్తే 1,07,185.90 రావాలి. వెయ్యి రూపాయల ఎన్‌ఎస్‌సీ 7.7 శాతానికి ఐదేళ్లకు 1,449.03 రావాలి. 1,07,000 వస్తే మీ కోడ్ బారువడ్డీ కడుతోందన్నమాట, లేదా ఏడాదికోసారే వడ్డీ కలుపుతోందన్నమాట.

గడువు దాటిన తర్వాతి తేదీ ఇస్తే ఫార్ములా వడ్డీ పెంచుకుంటూనే పోతుంది. అడిగిన తేదీ, గడువు తేదీ రెండిట్లో ముందు వచ్చేదాన్ని తీసుకునేలా రాయండి. అన్నీ సరిగ్గా రాసినా బ్యాంకు ఇచ్చింది ప్రోగ్రామ్ చెప్పినదానికన్నా తక్కువ ఉంటే, ముందు టీడీఎస్ (వడ్డీలోంచి ముందే పట్టుకునే పన్ను) కోశారేమో చూడండి. కోత పడిన తేదీకి అదీ ఒక లావాదేవీగా ఎక్కాలి.

నాలుగో అడుగు: ప్రోనోటు

యాప్‌లేవీ పట్టించుకోనిది, మన దగ్గర లెక్క ఎక్కువ తప్పేది ఇదే. నోటు మీద వడ్డీని శాతాల్లో ఎవరూ చెప్పుకోరు. "రెండు రూపాయల వడ్డీ" అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. "రూపాయిన్నర" అంటే నెలకు ఒకటిన్నర. కాబట్టి క్లాస్‌లో ఫీల్డు పేరే నెలవడ్డీ_నూటికి అని పెట్టండి. రేటు అని పెడితే ఏదో ఒకరోజు 24 అని కొట్టి, నెలకు 24 శాతం వడ్డీ చూసుకుంటారు.

నెలల లెక్క వాడుకలో ఎలా ఉందో కోడ్‌లోనూ అలాగే ఉండాలి: తేదీ నుంచి తేదీకి నిండు నెలలు, మిగిలిన రోజులు 30 తో భాగించి. మొత్తం రోజులను 365 తో భాగిస్తే అప్పు తీసుకున్నాయన లెక్కకూ మీ లెక్కకూ పొత్తు కుదరదు. సంవత్సరాల తేడాను 12 తో గుణించి, నెలల తేడా కలిపి, రెండో తేదీలోని రోజు మొదటిదానికన్నా తక్కువుంటే ఒకటి తీసేయండి. ఇక్కడ జనవరి 31న ఇచ్చిన నోట్లు ఇబ్బంది పెడతాయి. ఫిబ్రవరి 31 అనే తేదీ తయారుచేయబోతే పైథాన్ వాల్యూ ఎర్రర్ ఇస్తుంది. ఆ నెల చివరి రోజుకు సర్దే రెండు లైన్ల ఫంక్షన్ విడిగా రాసుకోండి. క్యాలెండర్ మాడ్యూల్‌లోని మంత్‌రేంజ్ ఆ చివరి రోజు చెబుతుంది.

అసలు ముడి మధ్యలో వచ్చిన చెల్లు దగ్గరుంది. ఉదాహరణ: 2024 జనవరి 10న రెండు లక్షలు, రెండు రూపాయల వడ్డీ. 2025 జనవరి 10న 60,000 చెల్లు వచ్చింది. 2025 జూలై 10కి ఎంత రావాలి?

తొందరపాటు లెక్క ఇలా ఉంటుంది: 18 నెలల వడ్డీ 72,000, అసలు రెండు లక్షలు, అందులో 60,000 తీసేస్తే 2,12,000. ఇది తప్పు. చెల్లు ముందు వడ్డీకి పోవాలి, మిగిలింది అసలుకు. 12 నెలల వడ్డీ 48,000 తీరింది. మిగతా 12,000 అసలులో తగ్గి, అసలు 1,88,000 అయింది. దాని మీద ఆరు నెలల వడ్డీ 22,560. మొత్తం 2,10,560. తేడా 1,440 రూపాయలే, కానీ అరుగు మీద నలుగురిలో లెక్క చెప్పేటప్పుడు ఆ 1,440 దగ్గరే మాట పెరుగుతుంది.

అందుకే విలువ మెథడ్ ఒక్క ఫార్ములాగా ఉండదు, లూప్‌గా ఉండాలి. అసలు, బాకీ వడ్డీ, చివరి తేదీ అని మూడు లోకల్ వేరియబుళ్లు పెట్టుకోండి. లావాదేవీలను వరుసగా చదువుతూ, ప్రతి చెల్లు దగ్గర అంతవరకు వడ్డీ కట్టి బాకీ వడ్డీకి కలపండి. చెల్లు సొమ్మును ముందు బాకీ వడ్డీలో, తర్వాత అసలులో తగ్గించండి. చెల్లు వడ్డీకన్నా తక్కువైతే మిగిలిన వడ్డీ బాకీగానే ఉండాలి, అసలులో కలవకూడదు. కలిపితే అది చక్రవడ్డీ అవుతుంది. ఆ మాట నోటులో లేదు కదా.

ఈ క్లాస్‌కు అదనంగా ఒక మెథడ్ రాయండి: కాలదోషం_తేదీ(). అడిగినప్పుడు చెల్లించాల్సిన ప్రోనోటుకు కోర్టుకు వెళ్లే గడువు నోటు తేదీ నుంచి మూడేళ్లు. ఆ మూడేళ్లలోపు చెల్లు జమ అయి, అప్పు తీసుకున్న మనిషి దాన్ని తన చేత్తో రాసినా, సంతకం చేసినా, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. పై ఉదాహరణలో నోటు వెనక చెల్లు రాయించి సంతకం తీసుకుంటే గడువు 2028 జనవరి 10. తీసుకోకపోతే 2027 జనవరి 10. కాబట్టి లావాదేవీ గమనికలో "సంతకం ఉంది" అన్న గుర్తు ఉన్న చెల్లులనే ఈ మెథడ్ లెక్కలోకి తీసుకోవాలి. ఫోన్‌పేలో వచ్చింది కదా అని సంతకం సంగతి మరిచేవాళ్లకు ఇది ముఖ్యం. గడువుకు 120 రోజుల ముందునుంచి రిపోర్టులో మొదటి లైన్‌లోనే హెచ్చరిక వచ్చేలా పెట్టండి. శనక్కాయ పంట మీద తీరుస్తామన్న బాకీలకు ఒక పంట పోతే చాలు, మూడేళ్లు తెలియకుండా నిండుతాయి.

ఐదో అడుగు: బంగారం

కొలమానం గ్రాములే. తులం అని రాయనివ్వకండి. పాత తులం 11.66 గ్రాములు, అంగట్లో ఇప్పుడు తులం అంటే ఎక్కువగా 10 గ్రాములు. కాసు అంటే 8. క్లాస్‌కు నికర బరువు, క్యారెట్, హాల్‌మార్క్ నగ అయితే ఆరక్షరాల హెచ్‌యూఐడీ కోడ్ ఇవ్వండి. బిల్లులో స్థూల బరువు, నికర బరువు రెండూ ఉంటే నికర బరువే వేయాలి. రాళ్ల బరువును బంగారం రేటుకు ఎవరూ కొనరు.

పెట్టిన సొమ్ము, విలువ ఎందుకు వేరుగా ఉండాలో ఈ క్లాస్ బాగా చూపిస్తుంది. ఉదాహరణకు గ్రాము 22 క్యారెట్ల రేటు 6,000 అనుకోండి. 24 గ్రాముల గొలుసు: బంగారం 1,44,000, తరుగు 10 శాతం 14,400, మీద జీఎస్టీ 3 శాతం 4,752. బిల్లు 1,63,152. అదే రోజు అదే రేటుకు అమ్మితే వచ్చేది మహా అయితే 1,44,000. అంగడి గడప దాటకముందే 19,152 పోయింది. మీ ప్రోగ్రామ్ ఇది దాచకూడదు. పెట్టిన సొమ్ములో బిల్లు మొత్తం, విలువలో బంగారం మాత్రమే రావాలి. రేటు గ్రాముకు 6,798 అయితేనే పెట్టింది తిరిగొచ్చినట్టు. ఈ అంకెను సరిసమాన_రేటు() అనే మెథడ్‌గా పెడితే చూసుకోవడానికి బాగుంటుంది. బిల్లు మొత్తాన్ని నికర బరువుతో భాగిస్తే చాలు.

రేటును ఈ క్లాస్ లోపల దాచకండి. ధరల_పట్టిక అని వేరే క్లాస్ రాసి, తేదీకి ధర ఇచ్చే పని దానికి అప్పగించండి. బంగారానికీ ఫండ్లకూ షేర్లకూ అదే పనికొస్తుంది. అడిగిన తేదీకి ధర లేకపోతే అంతకుముందు దగ్గరి తేదీ ధర ఇవ్వాలి, అది ఏ తేదీదో కూడా చెప్పాలి. సున్నా మాత్రం ఇవ్వకూడదు. సున్నా ఇస్తే ఆదివారం నాడు మీ ఆస్తి మొత్తం మాయమైనట్టు చూపిస్తుంది. పత్రికల్లో రేటు ఎక్కువగా 10 గ్రాములకు వేస్తారు. దాన్ని గ్రాము రేటుగా కొడితే గొలుసు పదింతలవుతుంది. కొత్త ధర పాతదానికన్నా 25 శాతానికి మించి తేడాగా ఉంటే "సరేనా?" అని ఒకసారి అడిగేలా రాయండి.

ఆరో అడుగు: ఫండ్లు, షేర్లు

విలువ = యూనిట్లు × ధర. ఇందులో తల బద్దలు కొట్టుకునేదేమీ లేదు. చిన్న వివరాలే తేడా తెస్తాయి. మ్యూచువల్ ఫండ్ కొనుగోలు మీద 2020 జూలై 1 నుంచి 0.005 శాతం స్టాంప్ డ్యూటీ ఉంది. 5,000 సిప్‌లో 25 పైసలు పోయి 4,999.75 కు యూనిట్లు వస్తాయి. ఎన్‌ఏవీ (ఒక యూనిట్ ధర) 48.1234 అయితే 103.894 యూనిట్లు. మీరే భాగించి యూనిట్లు వేసుకోవడం కన్నా స్టేట్‌మెంట్‌లో ఉన్న యూనిట్లనే ఎక్కించండి.

ఎన్‌ఏవీలను యాంఫీ (మ్యూచువల్ ఫండ్ సంస్థల సంఘం) రోజూ ఒకే టెక్స్ట్ ఫైల్‌గా తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఫీల్డుల మధ్య కామా కాదు, సెమీకోలన్ ఉంటుంది. మధ్యమధ్య ఖాళీ లైన్లు, ఫండ్ సంస్థల పేర్లతో శీర్షికలు ఉంటాయి. సెమీకోలన్ దగ్గర విడగొట్టి, కావలసినన్ని ముక్కలు రాని లైన్లను వదిలేయండి. ఫండ్‌ను పేరుతో వెతకొద్దు, స్కీమ్ కోడ్‌తో వెతకండి. ఒకే ఫండ్‌కు డైరెక్ట్, రెగ్యులర్, గ్రోత్ అని పేర్లు పక్కపక్కనే ఉంటాయి, ఎన్‌ఏవీలు వేరు.

షేర్లలో బోనస్ వస్తే సొమ్ము సున్నా, యూనిట్లు పెరుగుతాయి. లావాదేవీలో సొమ్ము, యూనిట్లు వేర్వేరు ఫీల్డులుగా పెట్టింది ఇందుకే. అమ్మినప్పుడు ఏ షేర్లు అమ్ముడైనట్టు? డీమ్యాట్‌లో ముందు కొన్నవే ముందు పోయినట్టు లెక్క. కొనుగోళ్లను క్యూగా పెట్టుకుని ముందునుంచి తీసేస్తూ రండి. పన్ను శాతాలను క్లాస్ లోపల రాయకండి. లిస్టయిన షేర్ల దీర్ఘకాల లాభం మీద పన్ను 2024 జూలై 23న 10 నుంచి 12.5 శాతానికి మారింది, మినహాయింపు లక్ష నుంచి లక్షా పాతిక వేలకు పెరిగింది. ఇలాంటివి తేదీతో సహా ఒక పట్టికలో ఉండాలి.

చీటీ సంగతి

చీటీకి మార్కెట్ ధర ఉండదు, కాబట్టి ఈ క్లాస్‌ను ఎక్కువ తెలివిగా రాయబోవద్దు. లక్ష చీటీ, 20 నెలలు, కంతు 5,000. ఒక నెల పాట 25,000 దగ్గర ఆగిందనుకోండి. కంపెనీ కమిషన్ 5,000 పోను 20,000 ఇరవైమందికి పంచితే తలా వెయ్యి. ఆ నెల మీరు కట్టేది 4,000. పాడుకున్నవాళ్లకు 75,000. కంతుల్లో నిజంగా కట్టిన సొమ్మే ఎక్కించండి, 5,000 కాదు.

చీటీ ఎత్తకముందు విలువ అంటే అప్పటిదాకా కట్టిన మొత్తం. ఎత్తాక విలువ మైనస్‌లోకి పోతుంది, ఇంకా కట్టాల్సిన కంతులు బాకీ కాబట్టి. మొత్తం కూడేటప్పుడు ఈ మైనస్ తగలాలి. డబ్బు బ్యాంకులో పడింది కదా అని ఎఫ్‌డీ వేసి, కంతుల బాకీ మరిచిపోతే ఆస్తి రెండుసార్లు లెక్కకొస్తుంది. రిజిస్టర్ కాని చీటీలను కూడా ఇందులోనే వేయొచ్చు, కానీ రిపోర్టులో వేరే పేరుతో కనిపించేలా ఒక గుర్తు పెట్టండి. వాటి రిస్కు వేరు.

ఏడో అడుగు: పోర్ట్‌ఫోలియో, అసలైన రాబడి

పోర్ట్‌ఫోలియో క్లాస్ పెట్టుబడికి చైల్డ్ కాదు. పెట్టుబడులను తనలో పెట్టుకునే క్లాస్ అది. లోపల ఒక లిస్టు, మొత్తం_విలువ(తేదీ) మెథడ్‌లో ఒక లూప్. ఆ లూప్‌లో "ఇది బంగారమా, నోటా" అని ఇఫ్ పెట్టాల్సి వచ్చిందంటే డిజైన్ దారి తప్పినట్టే. ప్రతిదాన్నీ విలువ(తేదీ) అని అడిగి కూడితే చాలు.

లాభం ఎంత శాతం అన్నది తేదీలతో ముడిపడిన ప్రశ్న. దీనికి ఎక్స్‌ఐఆర్‌ఆర్ లెక్క కావాలి. ప్రతి నగదు ప్రవాహాన్నీ (1 + రే) ఘాతం (రోజులు ÷ 365) తో భాగించి కూడితే సున్నా వచ్చే రే (ఏడాది రాబడి రేటు) ఎంత అన్నది వెతకడమే. చివరి తేదీకి ఉన్న విలువను చేతికొచ్చినట్టుగా ప్లస్‌లో చేర్చాలి. వెతకడానికి సగం-సగం పద్ధతి వాడండి: -0.99, 10 అనే రెండు హద్దుల మధ్య, ప్రతిసారీ నడిమి రేటు వేసి చూసి, గుర్తు మారే సగాన్ని ఉంచుకుంటూ వందసార్లు తిప్పండి. న్యూటన్ పద్ధతి వేగమే, కానీ మొదటి ఊహ సరిగా లేకపోతే ఎటో వెళ్లిపోతుంది. ఇంటి లెక్కకు ఆ వేగం అక్కర్లేదు. ఈ ఒక్క ఫంక్షన్‌లో డెసిమల్‌ను ఫ్లోట్‌గా మార్చుకోవచ్చు, ఎందుకంటే వచ్చేది రేటు, సొమ్ము కాదు.

పరీక్ష: 2023 జనవరి 1న లక్ష పోయింది, 2024 జనవరి 1న 1,10,000 వచ్చింది. జవాబు సరిగ్గా 10 శాతం. అదే 2024 నుంచి 2025 కు వేస్తే 9.97 వస్తుంది. లీపు సంవత్సరం కాబట్టి 366 రోజులు, తప్పు కాదు. ప్రవాహాలన్నీ ఒకే గుర్తుతో ఉంటే జవాబే ఉండదు. అప్పుడు నన్ తిరిగివ్వండి, రిపోర్టులో గీత వేయండి.

ఈ మెథడ్ వచ్చాకే నోటునూ ఫండునూ పక్కపక్కన పెట్టి చూడగలం. రెండు రూపాయల వడ్డీ అంటే 24 శాతం అనుకుంటారు. నెలనెలా వడ్డీ చేతికొచ్చి దాన్ని మళ్లీ అదే వడ్డీకి తిప్పితే ఏడాదికి 26.8 శాతం. అదే నోటు వడ్డీ ఏమీ ముట్టకుండా మూడేళ్లకు ఒక్కసారి తీరితే, లక్షకు 1,72,000 వచ్చినా ఏడాదికి 19.8 శాతమే. ఒకే నోటు, ఒకే వడ్డీ. తేడా అంతా తేదీల్లో ఉంది. ఇందులో ఇంకో మెలిక: నోటు వడ్డీ రావాల్సింది, వచ్చింది కాదు. రిపోర్టులో "చేతికొచ్చింది", "రావాల్సింది" అని రెండు వరుసలు పెట్టండి. లేదంటే మూడేళ్లుగా పైసా ఇవ్వని మనిషి నోటు మీ పోర్ట్‌ఫోలియోలో అన్నిటికన్నా బాగా పెరుగుతున్నట్టు చూపిస్తుంది.

ఎనిమిదో అడుగు: ఫైల్‌లో దాచడం, చూపించడం

లావాదేవీలను సీఎస్‌వీ ఫైల్‌లో (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్‌లో) దాచండి. చూడాలంటే ఎక్సెల్‌లో తెరవొచ్చు, ప్రోగ్రామ్ పాడైనా లెక్క మిగులుతుంది. తేదీలను 2025-04-03 తీరులో రాయండి. 03/04/2025 అని రాస్తే ఒక కంప్యూటర్‌లో అది ఏప్రిల్ 3, ఇంకోదాంట్లో మార్చి 4. ఎక్సెల్‌లో తెరిచి మళ్లీ సేవ్ చేస్తే తేదీల రూపం మారిపోవచ్చు. చదివే ఫంక్షన్ వేరే రూపం కనిపిస్తే ఊహించకుండా ఎర్రర్‌తో ఆగాలి, లైన్ నంబరు చెప్పాలి.

తెలుగు పేర్లతో సేవ్ చేసిన ఫైల్‌ను ఎక్సెల్ తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఫైల్ రాసేటప్పుడు ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8-సిగ్ అని ఇస్తే సరిపోతుంది. చదివేటప్పుడూ అదే ఇవ్వాలి. లేకపోతే మొదటి కాలమ్ పేరు ముందు కనపడని గుర్తు చేరి "తేదీ అనే కాలమ్ లేదు" అని కీ ఎర్రర్ వస్తుంది. విండోస్‌లో లైన్ లైన్‌కూ మధ్య ఖాళీ లైన్ పడుతుంటే, ఫైల్ తెరిచేటప్పుడు న్యూలైన్‌కు ఖాళీ స్ట్రింగ్ ఇవ్వలేదన్నమాట.

పైథాన్ కామాలు వేస్తే పది లక్షలు 1,000,000 అని పడుతుంది. మనకు 10,00,000 కావాలి. చిన్న ఫంక్షన్ రాయండి: మైనస్ గుర్తు, పైసలు పక్కన పెట్టి, చివరి మూడంకెలు విడదీసి, మిగతావాటిని వెనకనుంచి రెండేసిగా కత్తిరించి కామాతో కలపాలి. దీన్ని 999, 1000, 99999, 100000, -25000 అంకెలతో పరీక్షించండి. మైనస్‌ను పక్కన పెట్టడం మరిస్తే చీటీ బాకీల దగ్గర -,25,000 లాంటి వింత రూపాలు కనిపిస్తాయి.

రిపోర్టులో వరుసకు ఐదు కాలమ్‌లు చాలు: పేరు, యజమాని, పెట్టింది, ఈ రోజు విలువ, ఎక్స్‌ఐఆర్‌ఆర్. పైన కాలదోషానికి దగ్గరపడ్డ నోట్లు, గడువు తీరబోతున్న ఎఫ్‌డీలు. కింద యజమానుల వారీ మొత్తాలు. ప్రతి క్లాస్‌కూ స్ట్రింగ్ మెథడ్ రాస్తే ప్రింట్ చేసినప్పుడు అర్థం లేని మెమరీ చిరునామా బదులు "గొలుసు, 24 గ్రాములు, 22 క్యారెట్లు" అని వస్తుంది.

చివరగా, రాసుకున్న పరీక్షలన్నిటినీ యూనిట్‌టెస్ట్ ఫైల్‌గా పెట్టండి: ఎఫ్‌డీ 1,07,185.90, ఎన్‌ఎస్‌సీ 1,449.03, నోటు 2,10,560, గొలుసు సరిసమాన రేటు 6,798, ఎక్స్‌ఐఆర్‌ఆర్ 10 శాతం. ఏ క్లాస్‌ను ముట్టుకున్నా మళ్లీ వాడే ముందు ఈ ఐదూ నడపండి. సీఎస్‌వీ ఫైల్‌ను ప్రతి నెలా తేదీ పేరుతో కాపీ తీసి పెన్‌డ్రైవ్‌లో వేసి, ఆ పెన్‌డ్రైవ్‌ను అసలు నోట్లు, బాండ్లు ఉన్న బీరువాలోనే కాకుండా వేరేచోట ఉంచండి.